మారణహోమమా, జాతి నిర్మూలనా?

కావలి: నాజీల పాఠం మీద పరీక్ష పెట్టి, వాళ్లు యూదుల్ని చంపినదాన్ని ఏమంటారని అడిగితే ఒకడు ‘మారణహోమం’ అన్నాడు, ఒకమ్మాయి ‘జాతి నిర్మూలన’ అని రాసింది. దేనికి మార్కులు వెయ్యాలి?

ఒంగోలు: రెండిటికీ వెయ్యండి మాస్టారూ. నన్నడిగితే మాత్రం ‘జాతి సంహారం’. నిర్మూలన అంటే దోమల నిర్మూలన, పేదరిక నిర్మూలన. ఏదో మంచిపని చేసినట్టుంటుంది. లెమ్కిన్ అనే న్యాయవాది 1944లో ‘జెనోసైడ్’ అనే మాట పుట్టించాడు, 1948 డిసెంబరు 9న ఐరాస ఒప్పందంలోకి ఎక్కింది. ఒక జాతినో మతస్తులనో పూర్తిగానో కొంతవరకో లేకుండా చెయ్యాలన్న ఉద్దేశం అందులో ముఖ్యం. ఇక మారణహోమమంటారా, పేపరోళ్లకి బాంబు పేలినా అదే మాట. పైగా హోమమంటే హవిస్సు ఉండాలి. చచ్చినవాళ్లు హవిస్సా? నాజీల యూదు సంహారానికి వాడే ‘హోలోకాస్ట్’ మాటకి గ్రీకు మూలం కూడా పూర్తిగా దహించిన బలే. అందుకే చాలామంది యూదులు ‘షోవా’ అంటారు, మహా విపత్తు అని.

చీరాల: హోమాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకన్నా. సర్పయాగం ఏంది మరి? తండ్రిని కరిచింది తక్షకుడైతే జనమేజయుడు పాముల జాతినంతా గుండంలో పడేయించాడు. వైశంపాయనుడు భారతం చెప్పింది ఆ రాజుకే. యాగం ఆపించిన ఆస్తీకుడి తల్లి నాగజాతి మనిషి. మారణహోమం అంటే నాకు ఆ రాజే కళ్లముందుకొస్తాడు.

ఒంగోలు: ఆ కథ గుర్తున్నవాళ్లకి సరే. నా గొడవంతా కర్త లేని పేర్లతోనే. 1915లో ఒట్టోమన్ టర్కీలో తమవాళ్లని చంపినదాన్ని ఆర్మేనియన్లు ‘మెత్స్ యెగెర్న్’ అనేవాళ్లు, మహా ఘోరం అని. 1965లో యాభయ్యేళ్లు నిండినప్పుడు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో జనం వీధుల్లోకొచ్చారు, 1967కల్లా కొండమీద స్మారకం లేచింది. ఇప్పుడు ‘త్సెఘస్పానుత్యున్’ అంటారు, అచ్చంగా జాతిహత్య. ఒబామా 2009లో ఆ పాత ఆర్మేనియన్ మాటే వాడి జెనోసైడ్ అనకుండా దాటేశాడు (లౌక్యం అంటే అదీ!). 2021లో బైడెన్ అనేశాడు. టర్కీ ప్రభుత్వం మాత్రం నేటికీ ‘1915 ఘటనలు’ అనే అంటుంది.

చీరాల: ‘ఘటన’ మనకి కొత్తా? 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినోళ్లు పారిపోయొచ్చి మా చీరాలలోనే శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోనే. చట్టం లెక్కన అది జెనోసైడ్ కాదు, ఆ మాట నేనూ అనను. కానీ పేరు చూడండి: ఉద్యమంలో తిరిగినోళ్లు ‘కారంచేడు హత్యాకాండ’ అంటారు. టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన ‘అప్పట్లో ఆ గొడవలయ్యాయే’ అంటాడు. గొడవ పడాలంటే రెండు పక్కలా కొట్టుకోవాలి గదా! 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేశాక కూడా ఆ మాట పోలేదు.

కందుకూరు: పిల్లలకి పేర్ల వరకే చెబితే చాలదేమో. జర్మనీలో యుద్ధం అయిపోయాక చాలా ఏళ్లు ఇళ్లల్లో ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ అనే నాజీ శిబిరం కాపలావాళ్ల మీద విచారణ మొదలయ్యాక ‘నాన్నా, నువ్వప్పుడు ఏం చేశావు?’ అని అడిగే తరం వచ్చింది. బెర్లిన్ నడిబొడ్డున స్మారకం కట్టేసరికి 2005.

కావలి: సరే, ఇద్దరికీ మార్కులు వేసేశా. రువాండాలో 1994లో టుట్సీ తెగవాళ్లని చంపినదానికి ఏం రాయించమంటారు?

ఒంగోలు: ‘టుట్సీల జాతి సంహారం’. ఐరాస కూడా 2018లో ఆ స్మారక దినం పేరు మార్చి టుట్సీల మాట చేర్చింది. అంతకుముందు ఉత్త ‘రువాండా జెనోసైడ్’ అనే ఉండేది. ఎవర్ని చంపారో అందులో ఎక్కడుంది?