కరెంటు పోయే ఊళ్లలో సేవ్‌కి తాళం వేస్తే ఎలా?

లంక_లెవెల్1
చిన్న బడ్జెట్ ఆర్పీజీలు (పాత్ర వేసుకుని కథ నడిపే వీడియో ఆటలు) తీసేవాళ్లకి సేవ్‌ని, అంటే ఆట ఎంతదాకా వచ్చిందో దాచుకోవడాన్ని, బిగించడం ఫ్యాషనైపోయింది. లీసా ద పెయిన్‌ఫుల్ (2014)లో పెయిన్ మోడ్ పెట్టుకుంటే సేవ్ పాయింటు ఒక్కసారి వాడగానే పేలిపోతుంది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే. ఫియర్ అండ్ హంగర్ (2018, పెద్దవాళ్లకి మాత్రమే)లో మంచమెక్కి పడుకున్నా బొమ్మా బొరుసా గెలిస్తేనే సేవ్. కోనసీమలో ఈదురుగాలి మొదలైతే ముందు పోయేది కరెంటే. గంటన్నర ఆట అలా పోతే దాన్ని కష్టమైన ఆట అనాలా, చేతకాని డిజైన్ అనాలా? నేను రెండోదే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

నర్సాపురం_పిక్సెల్
కాదనే అంటానండి. లీసాలో మన జట్టులోవాళ్లని పణంగా పెట్టి రష్యన్ రౌలెట్ (తుపాకీలో ఒక్క తూటా పెట్టి తలకి గురిపెట్టుకునే పందెం) ఆడే చోటొకటుంది. అక్కడ పోయినవాడు పోయినట్టే, మళ్లీ రాడు. ముందే సేవ్ చేసుకుని, తూటా పేలినప్పుడల్లా లోడ్ కొడితే (సేవ్ చేసిన చోటికి వెనక్కెళ్తే) ఇంక పందెమెక్కడుంది? ఎవర్ని పంపాలా అని తల పట్టుకోవడమే ఆ సీను. పైగా పెయిన్ మోడ్ ఎవరూ బలవంతంగా అంటగట్టలేదు, మొదట్లో మనం ఎంచుకుంటేనే వస్తుంది.

అండర్‌టేల్ (2015) ఇంకో దారి పట్టింది. సేవ్‌కి అడ్డం లేదు, కానీ లోడ్ కొట్టిన సంగతి ఆటకి గుర్తుంటుంది. టోరియల్ అనే పాత్రని కాస్త నీరసపరిచి వదిలేద్దామని కొడుతూ పోతారు చాలామంది. ఆమె హెచ్‌పీ (ప్రాణశక్తి) బాగా తగ్గాక ఒక్క దెబ్బ మామూలుకన్నా ఎన్నో రెట్లు పడి ప్రాణం తీస్తుంది. వెనక్కెళ్లి, ఈసారి స్పేర్ (చంపకుండా వదిలెయ్యడం) పదేపదే నొక్కి బతికించారనుకోండి. బయట ఫ్లావీ అనే మాట్లాడే పువ్వు కాసుకుని కూర్చుంటాడు, ముందు చంపిన సంగతి ఎత్తి మరీ దెప్పుతాడు.

లంక_లెవెల్1
అండర్‌టేల్ నాకు సాక్ష్యం, మీక్కాదు! తాళం వెయ్యకుండానే బరువు తేవచ్చని మీరే చెప్పారు. పెయిన్ మోడ్ మన ఎంపికే, సరే. ఫియర్ అండ్ హంగర్‌లో ఆ నాణెం ఎవరు ఎంచుకున్నారు?

నర్సాపురం_పిక్సెల్
నాణేనికీ విరుగుడుంది. ఆటలో దొరికే లక్కీ కాయిన్ దాచుకుంటే రెండు నాణేలు ఎగరేస్తారు, ఒకటి పడితే చాలు. సగం ఉన్న అవకాశం నాలుగింట మూడొంతులవుతుంది. బుక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్ అనే పుస్తకం దొరికితే నాణెంతో పనే లేదు, చదివి సేవ్ చేసుకోవడమే. వాటిని ఎక్కడ వాడాలన్నదే ఆటండి.

తణుకు_ఈవెంట్‌పేజీ
మీరిద్దరూ రెండు రకాల సేవ్‌లని ఒకటే చేసి కొట్టుకుంటున్నారు. వెనక్కెళ్లడానికి చేసేది ఒకటి, లేచి వెళ్లిపోడానికి చేసేది ఇంకొకటి. రెండోదాన్ని లోడవ్వగానే చెరిపేస్తే పందెం చెడదు. నన్నడిగితే అది పెట్టకపోవడమే తప్పు, మొదటిదానికి తాళం వెయ్యడం కాదు.

చిన్న టీములు దాన్ని ఎందుకు వదిలేస్తాయంటే, ఆర్పీజీ మేకర్ ఎంవీలో (ఇలాంటి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సేవ్ ఫైల్లోకి ఆటలో ఏం జరిగిందో గుర్తుంచుకునే స్విచ్‌లు, వేరియబుల్స్, పార్టీ (మన జట్టు), మ్యాప్ వెళ్తాయి గానీ ఎదురుగా ఉన్న శత్రువుల గుంపు వెళ్లదు. అందుకే ఫైట్ మధ్యలో సేవ్ కుదరదు. మ్యాప్ మీద కుదురుతుంది, అక్కడా ఒక మెలిక. ఈవెంట్ (వరసగా నడిచే ఆదేశాల జాబితా) లోపల స్క్రిప్ట్‌తో, అంటే కోడ్ రాసి, సేవ్ చేస్తే ఆ ఈవెంట్ ఎంతదాకా నడిచిందో అదీ ఫైల్లోకి ఎక్కుతుంది. దాని కిందే ఆట మూసే లైను ఉంటే, లోడ్ చెయ్యగానే ఆట మళ్లీ మూసుకుపోతుంది. ఎన్నిసార్లు తెరిచినా అంతే.

వరుస ఇలా ఉండాలి: ముందు గేమ్‌టెంప్‌లో (ఆట నడిచినంతసేపే ఉండే తాత్కాలిక జ్ఞాపకం) ఒక గుర్తు, తర్వాత విడిగా ఇంకో స్క్రిప్ట్ బాక్సులో సేవ్, ఆ కింద షరతు. గుర్తుంటే ఆట మూసెయ్యి, లేకపోతే ఆ ఫైలు చెరిపెయ్యి. గేమ్‌టెంప్ సేవ్‌లోకి వెళ్లదు కాబట్టి లోడయ్యాక గుర్తుండదు. గుర్తూ సేవూ ఒకే లైన్లో రాసి ఒకే బాక్సులో పెడితే లోడయ్యాక ఆ బాక్సు మళ్లీ నడిచి, గుర్తు మళ్లీ పడి, మొదటికొస్తుంది. చెరిపే లైను సేవ్‌కన్నా ముందు పెట్టినా దండగే, చెరిపిన ఫైలు వెంటనే మళ్లీ పుడుతుంది.

లంక_లెవెల్1
బానే ఉంది. కరెంటు మనకి చెప్పి పోతుందా, మూసే బటన్ నొక్కడానికి?

తణుకు_ఈవెంట్‌పేజీ
దానికి మ్యాప్ మారినప్పుడల్లా అదే స్లాట్ (సేవ్ దాచే గడి) మీద రాసెయ్యాలి. అప్పుడు పోయేది ఒక్క గదే. రౌలెట్ లాంటి చోట ఫలితం తేలగానే ఇంకోసారి రాయాలి, లేకపోతే ప్లగ్గు పీకి వెనక్కెళ్లే తెలివైనోళ్లు తయారవుతారు.

భీమవరం_బ్యాకప్
తీసినవాళ్లు పెట్టేదాకా ఆడేవాళ్లు చేసుకోవాల్సింది చెప్తాను. డెస్క్‌టాప్ అయితే 600 వీఏ (సామర్థ్యం కొలత) యూపీఎస్, అంటే కరెంటు పోయినా నడిపే బ్యాటరీ పెట్టె, ఓ పది నిమిషాలు ఆపుతుంది, సేవ్ పాయింటుకి చేరడానికి చాలు. పాత బ్యాటరీ అయితే కరెంటు పోయిన క్షణమే చేతులెత్తేస్తుంది, కాబట్టి గాలివానల సీజన్‌కి ముందు ప్లగ్గు పీకి ఒకసారి చూసుకోండి.

కాపీ తీసేటప్పుడు ఆట మూసి తియ్యాలి. ఎంవీ ఆటలకి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్లో సేవ్ అనే ఫోల్డర్ మొత్తం. పాత లీసాకి ఆట ఫోల్డర్లో ఆర్‌వీడేటా2తో ముగిసే ఫైళ్లు. అండర్‌టేల్‌కి యాప్‌డేటాలో లోకల్ కింద ఉన్న అండర్‌టేల్ ఫోల్డర్. అందులో ఫైల్0 ఒక్కటే వెనక్కి పెడితే లాభం లేదు, ఫ్లావీ దెప్పుళ్ల లెక్క అండర్‌టేల్.ఐఎన్ఐలో ఉంటుంది.

సరిగ్గా ఎంవీ సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఫైల్1.ఆర్పీజీసేవ్ సున్నా బైట్లకి పడిపోవచ్చు. పక్కనే అదే పేరు చివర బ్యాక్ అని ఇంకోటుందేమో చూడండి. అది దానికి ముందు సేవ్. పాడైనది తీసేసి, దీని చివర బ్యాక్ తోక కత్తిరిస్తే చాలు.

లంక_లెవెల్1
ఆ బ్యాక్ కూడా సున్నా అయితే?

భీమవరం_బ్యాకప్
అప్పుడిక మీరు తీసుకున్న కాపీయే గతండి. అది ఆట ఫోల్డర్లోనే పెట్టకండి, అన్‌ఇన్‌స్టాల్ చేసిన రోజున అదీ పోతుంది.