సంగమేశ్వరానికి నాన్నను ఈ వేసవిలోనే తీసుకెళ్లాలా?

ప్రశ్న: నాన్నకు 79 ఏళ్లు. ఆయన పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. ఏటా నీరు తగ్గి సంగమేశ్వర ఆలయం బయటపడగానే వెళదామంటారు. ‘వచ్చే ఏడు’ అంటూ మూడేళ్లు దాటించాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. ఆ నీళ్లు చూసి కుంగిపోతారేమోనని కూడా నా భయం.

జవాబు: వెంటనే బయలుదేరండి. మా అమ్మను జలాశయం అవతలి ఒడ్డునున్న సోమశిల నుంచి పడవలో తీసుకెళ్లాను. అక్కడ వేపమొద్దు శివలింగం ఏటా నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. అమ్మ గోడమీది ఎండిన ఒండ్రును వేలితో గీకి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. మరుసటి వేసవికి అమ్మ లేదు.

ఇంకో జవాబు: తెల్లవారుజామునే వెళ్లండి, మడత కుర్చీ మరవకండి. వరద వచ్చినప్పుడు అర్చకులు శిఖరం దగ్గర చివరి పూజ చేస్తారు. గుడి మునుగుతుందని తెలిసీ పూజ మానరు కదా!

అడిగినవారు: నిన్న వెళ్లొచ్చాం. నాన్న కుంగిపోలేదు. నీళ్లకేసి వేలు చూపించి, ‘మన చింతచెట్టు అదిగో, అక్కడ’ అన్నారు. నాకు నీళ్లే కనిపించాయి. ఆయన మాత్రం ఎవరెవరి ఇళ్లు ఎక్కడో వరుసగా చెప్పుకుంటూ పోయారు. పుచ్చకాయ ముక్కలు ఇద్దరం తిన్నాం. ఇంకాసేపు ఉందామన్నారు. ఉన్నాం.