పుట్టడం పాపమా, నేరమా: కాల్దెరోన్ పాదంలో ‘దెలీతో’

చంపకమాల: స్పానిష్ నాటకకర్త కాల్దెరోన్ ‘లా వీదా ఎస్ స్వేన్యో’ (జీవితం ఒక కల) నాటకంలో రాకుమారుడు సెహిస్మూందో బురుజులో సంకెళ్లతో వాపోయే ఘట్టం. దశపాది చివర ‘ప్వెస్ ఎల్ … మయోర్ / దెల్ ఓంబ్రే ఎస్ అబేర్ నసీదో’ అని ఉంటుంది. ఖాళీలో ఉన్నది పాపమనే ‘పెకాదో’నా, నేరమనే ‘దెలీతో’నా? నా చెవికి ‘పెకాదో’ అనే వినిపిస్తోంది. మనిషి చేసిన మహాపాపం పుట్టడమే!

నల్లసిరా: ‘దెలీతో’యే. అదే పద్యంలో మూడు, ఆరు, తొమ్మిది పాదాల్లో వరసగా ఆ మాటే వస్తుంది. కవి కావాలనే మూడుసార్లు కొట్టిన దెబ్బ అది.

చంపకమాల: పాఠం సరే. కానీ ఛందస్సు ‘పెకాదో’కూ అడ్డు చెప్పదు కదా. రెండింటికీ మూడేసి అక్షరాలు, పాదానికి ఎనిమిది సరిపోతాయి. నేరానికే మరో మాట ‘క్రీమెన్’ పెడితేనే ఒకటి తగ్గి కుంటుతుంది. భావం మాత్రం క్రైస్తవులు చెప్పే ఆదిపాపమే, పుట్టుకతోనే వచ్చే పాపం. జర్మన్ తత్వవేత్త షోపెన్‌హౌర్ కూడా ఈ పాదాలను అలాగే చదివాడు.

మాడ్రిడ్ వాసి: దానికి ముందు పాదాలు చూడండి: ‘కౌసా’ (కారణం, వ్యాజ్యం), ‘హుస్తీసియా’ (న్యాయం), ‘రిగోర్’ (కాఠిన్యం). అన్నీ న్యాయస్థానపు మాటలే. అతను దేవుణ్ణి క్షమాపణ అడగడం లేదు, అభియోగం ఏమిటో చెప్పమంటున్నాడు. ఇక్కడి శిక్షాస్మృతిలో ఇప్పటికీ ‘దెలీతో’యే. 2015 సవరణలో ‘ఫాల్తా’ అనే చిన్న తప్పుల వర్గాన్ని తీసేశాక చిన్న నేరాలు కూడా ‘దెలీతో లేవె’ అయ్యాయి. ఇంట్లో వాడుక వేరు. పిలిచిన చుట్టం రెండు గంటలు ఆలస్యంగా వస్తే ‘తియేనె దెలీతో’ అంటారు. మనం ‘మరీ అన్యాయం’ అన్నట్టే. అన్నం పారేస్తే మాత్రం ‘పెకాదో’.

తాటాకు: అందుకే తెలుగులో ‘నేరం’ అనాలి. ‘పాపం’ అంటే మన చెవికి సగం జాలి కలిసిపోతుంది. ‘పాపం, పుట్టాడు’ అన్నట్టు ఉంటుంది. పైగా లాటిన్ ‘దెలిక్తుమ్’ మూలంలో ఉన్నది ‘లింక్వెరె’, విడిచిపెట్టడం. మన ‘రిక్తం’ కూడా ఆ ధాతువు చుట్టమే. చేయవలసినది చేయకుండా వదిలేయడమే తొలి అర్థం. మన ‘నేరము’ను ‘నేరమి’తో, అంటే చేతకానితనంతో కలిపి చూడండి. రెండు భాషలూ ఒకే చోట నిలబడ్డాయని నా నమ్మకం.

నల్లసిరా: తాటాకు గారూ, ధాతువు దగ్గర మీతో ఉన్నాను. కానీ పదిహేడో శతాబ్దపు ప్రేక్షకుడు ధాతువులు విని నాటకం చూడలేదు. ‘ఆడపిల్లగా పుట్టడమే నేను చేసిన నేరమా’ అని మన ఇళ్లలో అడుగుతారే, ఆ గొంతు చాలు.

చంపకమాల: ఆ ఇళ్లలోనే ‘పాపమా’ అని కూడా అడుగుతారు. కాల్దెరోన్ తరవాత ఇదే పేరుతో ఒక మతనాటకం రాశాడు, అందులో పాత్ర పేరే ‘మనిషి’. అక్కడ ఆదిపాపం కాక మరేముంది? స్పానిష్ కవి లోర్కా తన బర్రాకా నాటక బృందంతో 1932లో ఆడించింది కూడా ఆ మతనాటకాన్నే. నల్లటి దుస్తుల్లో ‘నీడ’ వేషం తానే వేశాడు. ఎక్కడ లోర్కా పేరు వచ్చినా నాకు అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. నాలుగేళ్లకు అతన్ని చంపేశారు.

మాడ్రిడ్ వాసి: ఆ హత్య మీద కవి మచాదో రాసిన పద్యంలో ‘దెలీతో’ కాదు, ‘క్రీమెన్’. ఇక్కడ వాడుకలో ‘క్రీమెన్’ అనగానే రక్తం గుర్తొస్తుంది. దొంగతనాన్ని ఎవరూ అలా అనరు. ‘గ్రనాదాలోనే, తన గ్రనాదాలోనే’ అని మచాదో ఊరి పేరు మళ్లీ పలికే చోట నాకు గొంతు పూడుకుపోతుంది.

తాటాకు: అయితే తెలుగులో ఆ ‘క్రీమెన్’కు ‘ఘాతుకం’ అనాలి. ‘నేరం’ను ‘దెలీతో’కే ఉంచండి.

నల్లసిరా: ‘ఘాతుకం’ పత్రికల శీర్షిక మాట. మచాదో అంత గట్టిగా అరవలేదు, ‘హత్య’ చాలు. అది అలా ఉంచి, సెహిస్మూందో మొదటి కేక సంగతి చెప్పండి: ‘ఇన్‌ఫెలీస్’ (అభాగ్యుడు) అనవలసింది ‘ఇన్‌ఫెలీసె’ అయింది. ఆ చివరి ‘ఎ’ ఆ కేక పాదానికి ఉన్న పదకొండు అక్షరాల లెక్క కోసమేనా, ఏడుపు సాగడం కోసమా?