వారమంతా ఎదురుదెబ్బలే అయితే ఇంట్లో చెప్పాలా, కడుపులో దాచుకోవాలా?

ఆకివీడు కోడలు:
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో తేలని గొడవ ఒకటి మీ ముందు పెడుతున్నాను.

మావి లీజు చెరువులు, వనామీ రొయ్య వేశాం. పోయిన వారం కష్టాలన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. రెండ్రోజులుగా మబ్బు పట్టి ఉంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకే కరెంటు పోయింది, జనరేటర్ బ్యాటరీ మొరాయించింది. అది అందుకునేసరికి పడమటి చెరువులో రొయ్య గట్టు వెంట తేలిపోయింది. బతికిందేదో బతికినట్టు పట్టించేస్తే వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య. ఆ డబ్బు మేత బాకీకే చాలలేదు. దాన్నుంచి తేరుకోకముందే మా మామగారికి బీపీ పెరిగి ఆసుపత్రిలో చేర్చాం. అమ్మాయి కాలేజీ ఫీజుకి ఆఖరి తేదీ కూడా ఆ వారమే. మధ్యలో ఇంటి బోరు మోటారు కాలిపోయింది, అదొకటి.

ఇంతవరకూ నాకు తెలుసు, అన్నిట్లోనూ నేనున్నాను. తెలియనిది వేరే ఉంది. మేత కొట్టువాళ్ళు అరువు ఆపేశారట. లీజు సొమ్ము కోసం ఈయన తన చైను, ఉంగరం బ్యాంకులో పెట్టేశారట. ఖాళీ మేత సంచులు కొనుక్కెళ్ళే అబ్బాయి చెబితే తెలిసింది నాకు! అడిగితే ఆయనన్న మాట: “నీకు చెప్తే నీకూ నిద్ర ఉండదు. ఇద్దరం మేలుకుని ఏం ఉద్ధరిస్తాం?”

ఆయన దాచింది ప్రేమతోనే అని నాకూ తెలుసు. కానీ పరాయివాడి నోట విన్నప్పుడు నాకు కలిగింది కోపం కాదు, అవమానం. ఇలాంటి వారంలో ఇంట్లో చెప్పాలా, గండం దాటేదాకా దాచాలా? మొహమాటం లేకుండా చెప్పండి. మా ఆడపడుచు ఆయన వైపు, మా అమ్మ నా వైపు, కాబట్టి ఆ రెండు ఓట్లూ చెల్లవు.

చెరువుగట్టు:
అక్కా, ఏమీ అనుకోకండి, నేను బావగారి పక్షమే. ఆయ్.

చెరువు మీద పడుకునేవాడికి అసలు డ్యూటీ రాత్రి రెండు దాటాకే. పగలు ఎండకి నీళ్ళలో ఉండే నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు రొయ్యతో పోటీపడి పీల్చేస్తుంది. మబ్బు రోజైతే పగలు తయారయ్యేదే తక్కువ, ఇక తెల్లారేలోపు డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి జారిందంటే మన గుండె జారుతుంది. మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. పక్కన రెండు రొయ్యలు మీసాలు ఎర్రబడి, గెంతకుండా పడి ఉంటాయి. టార్చి వెలుగులో అది చూసిన నిమిషంలో తేల్చుకోవాలి, మందు చల్లాలా, మేత ఆపాలా, రొయ్య పట్టే కూలీలకీ ఐసు బండికీ ఫోన్ కొట్టాలా అని. అప్పుడు ఇంటి నుంచి “ఏమైంది, తిన్నావా, ఎంత పోయింది” అని ఫోన్లు వస్తుంటే ఉన్న బుర్రా పోతుంది.

2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించినప్పుడు మా ఇంట్లో అందరూ టీవీ చూసి నన్నే పట్టుకున్నారు, మన రేటు ఎంత పడుతుందని. నాకేం తెలుసు? జవాబు లేని ప్రశ్నకి పూటపూటా జవాబు చెప్పడం చెరువు కాయడం కంటే కష్టం. ఆపద నడుస్తున్నప్పుడు నోరు మూసుకోవాలి. గడిచాక కూర్చోబెట్టి అన్నీ చెప్పాలి. ఇదీ నా మాట.

నైట్ డ్యూటీ సిస్టర్:
తమ్ముడూ, గడిచాక చెప్తానన్నవాళ్ళలో గడవకముందే మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. నేను ఏలూరు కాలువ వైపు ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. వారం చివర్లో రాత్రిపూట వచ్చే కేసు నాకు కంఠతా వచ్చు. “గ్యాస్ అండి, ఛాతీ పట్టేసింది.” ఈసీజీ తీస్తాం, దేవుడి దయవల్ల చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. బీపీ మాత్రం ఆకాశంలో. పక్కన భార్య ఉన్నంతసేపూ గ్యాసే. ఆవిడ మందులకి కిందికి వెళ్ళగానే అప్పు గురించి మొదలు.

దాచడం ఊరికే కాదండి, అదీ ఒక పనే. ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకోవాలి, ఫోన్ వస్తే బయటికి నడవాలి, మొహం మామూలుగా పెట్టాలి. అన్నీ తిరగబడ్డ వారంలో ఈ చాకిరీ కూడా దేనికి?

ఇంకొకటి, ఇది సీరియస్‌గా తీసుకోండి. ఇంట్లో మనిషి “నేను లేకపోతే మీకు హాయి” లాంటి మాట అన్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నా, అది అలక అనుకోవద్దు. సూటిగా అడగండి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన వస్తుందనేది అపోహ. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, చెరువు మీది మకాం షెడ్డులోంచి తీయించేయండి. 14416 టెలీమానస్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

అక్కా, మీ ఆయన విషయంలో అంత ఉందని అనడం లేదు. కానీ నేను మీ పక్షం.

దాళ్వా రైతు:
పక్షాలు కట్టేసుకున్నారా? బాగుంది, ఇక కోడిపందేలకి బరి గీయడమే తరువాయి.

మాది వరి, రొయ్యంత షోకు లేదు. దాళ్వా ఒబ్బిడి టైములో, అంటే రెండో పంట కోసి నూర్చే వేళ, వాన పడిందనుకోండి, రోడ్డు మీద ధాన్యం, చేతిలో చిరిగిన బరకం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వెనక్కి తిప్పుతారు. రెండ్రోజులు తడిసి మూటకట్టి ఉంటే గింజ మొలకెత్తుతుంది. ఆ వారంలోనే ట్రాక్టర్ టైరు పేలుతుంది, బావమరిది పెళ్ళి ముహూర్తం కుదురుతుంది. నాకైతే మనసు విప్పడానికి టైమే దొరకలేదండి, పొద్దున మబ్బు చూసి బరకం కప్పడం, ఎండ చూసి తీయడం, ఇదే బతుకు.

నేను మా ఆవిడకి చెప్పింది ఓదారుస్తుందని కాదు, సంచులు తెస్తుందని. ఆవిడ రైతు సేవా కేంద్రానికి వెళ్ళి గోనెసంచుల కోసం ఎదురుగా కూర్చుంది. ఇచ్చేదాకా లేవనంది. నేను ధాన్యం తిరగేస్తూ ఉన్నా. చెప్తే మనసు తేలికవుతుందో లేదో నాకు తెలియదు గానీ పని సగమవుతుంది. చెరువుగట్టు తమ్ముడూ, మీ ఇంటివాళ్ళు పదేపదే ఫోన్ చేసేది వాళ్ళకి చేయడానికి ఏమీ ఇవ్వలేదు కాబట్టి. ఐసు బండికి ఫోన్ చేసే పని మీ ఆవిడకి అప్పగించి చూడు.

చెరువుగట్టు:
బాబాయ్, పాయింటే. కానీ మా ఆవిడ ఫోన్ చేస్తే ఐసు బండివాడు రేటు పెంచేస్తాడు.

దాళ్వా రైతు:
నువ్వు చేస్తే తగ్గిస్తున్నాడా?

కాకినాడ కుర్రాడు, ప్రస్తుతం హైదరాబాద్:
నేను దాచే బ్యాచ్. ఎందుకో ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. కొంతమందికి చెప్తే వాళ్ళని మనమే ఓదార్చాలి. మా అమ్మకి ప్రాజెక్టు పోయిందని చెప్తే ముందు ఏడుస్తుంది, తర్వాత అన్నం మానేస్తుంది, తర్వాత అన్నవరం మొక్కు. ఆ మూడు రోజులూ నేను రెజ్యూమె పంపాలా, అమ్మ తిన్నదా లేదా అని పక్కింటి పిన్నికి ఫోన్ చెయ్యాలా? అందుకే వేరే ఉద్యోగం దొరికాకే చెప్తాను. రూమ్మేట్‌కి మాత్రం అన్నీ చెప్తాను. వాడు “సరే, టీ తాగుదాం పద” అంటాడు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

చెప్పాలా వద్దా అని ఒకే జవాబు ఉండదు. వినే మనిషి ఎలాంటిదో చూడాలి. కోడలు అక్క వినగలిగే మనిషిలాగే కనిపిస్తున్నారు, అంచేత బావగారిదే తప్పు. ఓటు మార్చానని చెరువుగట్టు అన్న అలగొద్దు.

రాజోలు మాస్టారు:
అమ్మా, అందరి మాటలూ చదివాను. కొంచెం పక్కకి జరిగి చూద్దాం.

1996 నవంబరు తుపాను నాకు బాగా గుర్తు. తెల్లారి చూస్తే కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టం. ఆ వారం ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ దాచలేదు. “నావి ఇన్ని పోయాయి, నీవెన్ని” అని వీధిలో నిలబడి లెక్కలు చెప్పుకున్నాం. 2022 జులై వరదలోనూ అంతే. లంక గ్రామాల వాళ్ళు ఏటిగట్టు మీద గేదెల్ని కట్టేసుకుని, వచ్చినవాడికల్లా తమ కథ చెప్పారు. అదే మనుషులు అప్పు సంగతి అన్నదమ్ములకి కూడా చెప్పరు.

అంటే మనం దాచేది కష్టాన్ని కాదు. మీ ఆయన కరెంటు పోయిందని చెప్పారు, రొయ్య పోయిందని చెప్పారు, బోరు కాలిందని చెప్పారు. చెప్పనివల్లా రెండే, అరువు ఆగడం, బంగారం తాకట్టు. దేవుడు చేసినవన్నీ చెప్పి, మనిషి ముందు చిన్నబోయినవి మాత్రం మింగేశారు. “నీకు నిద్ర పట్టదని” అన్నది సగమే నిజమని నా అనుమానం. మిగతా సగం పరువు. చైను తీసి కౌంటర్ మీద పెట్టిన ఆ ఐదు నిమిషాలు ఆయన ఎవరికీ చూపించదలచుకోలేదు. అది అర్థం చేసుకుని అడిగితే వేరేగా అడుగుతాం.

అలాగని రోజంతా చెప్పుకుంటూ కూర్చోమనీ అనను. చెప్పుకోవడం వేరు, నెమరేయడం వేరు. అమెరికాలో అమండా రోజ్ అనే పరిశోధకురాలు 2002లో బడిపిల్లల మీద ఇదే చూశారు. స్నేహితులు ఇద్దరూ కూర్చుని ఒకే బాధని పదేపదే తవ్వుకుంటూ ఉంటే స్నేహం గట్టిపడుతోంది, కానీ దిగులు, ఆందోళన కూడా ఎక్కువగానే కనిపించాయి. పెద్దవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? సాయంత్రం అరుగు మీద మొదలుపెడితే రాత్రికి మూడు తరాల అప్పులు బయటికి వస్తాయి.

నైట్ డ్యూటీ సిస్టర్:
మాస్టారూ, పరువు సంగతి ఒప్పుకుంటాను. కానీ నెమరేయడం అనే మాట మగవాళ్ళకి ఇవ్వకండి, రేపట్నుంచి భార్య ఏమడిగినా “నెమరెయ్యకు” అంటారు. ఆ పరిశోధన చెప్పింది ఎక్కువ తవ్వుకోవద్దనే, అసలు నోరు విప్పొద్దని కాదు.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి పనికొచ్చేది ఒకటి. 2018లో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పడుకునే ముందు కొందరితో ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనులు రాయించారు, మిగతావాళ్ళతో అయిపోయిన పనులు రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్ళే త్వరగా నిద్రపోయారు, అందులోనూ వివరంగా రాసినవాళ్ళు ఇంకా త్వరగా. “అప్పు సంగతి చూడాలి” అని కాదు, “పొద్దున పదికి బ్యాంకుకి, పాస్‌బుక్ తీసుకెళ్ళాలి” అని రాయాలి. ఛాతీ పట్టేసినట్టున్నప్పుడు ఊపిరి పీల్చినదానికంటే వదలడం నెమ్మదిగా, ఎక్కువసేపు చేయండి, గుండె వేగం కొంత దిగుతుంది. అది తగ్గకపోతే, నొప్పి చేతికో దవడకో పాకితే, చెమటలు పడితే మాత్రం ఊపిరీ లేదు, కాగితం లేదు, నేరుగా ఆసుపత్రికి రండి. గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు.

చెరువుగట్టు:
సిస్టర్ గారూ, ఆ సోడా మాట నన్ను చూసే అన్నారు. సరే, కొంచెం దిగుతాను. డబ్బు సంగతి దాచకూడదు, ఎందుకంటే తాకట్టు గడువు మనకోసం ఆగదు, ఇద్దరికీ తేదీ తెలిసుండాలి. చెరువు సంగతి మాత్రం తెల్లారేదాకా నాదే. ఇందులో వెనక్కి తగ్గను.

ఆకివీడు కోడలు:
అందరికీ దణ్ణాలండి. మాస్టారు గారు రాసింది రెండుసార్లు చదివాను. నిన్న రాత్రి ఈయన్ని “ఎందుకు చెప్పలేదు” అని అడగలేదు. “బ్యాంకులో ఎవరైనా తెలిసినవాళ్ళు చూశారా” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, మా వీధిలో ఉండే ఒకాయన చూశారట, చూసి నవ్వారట. తాకట్టు కంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకున్నట్టుంది.

అయినా నా కోపం మొత్తం పోలేదు. పరువు ఆయనకొక్కడికేనా? సంచుల అబ్బాయి ముందు తెల్లమొహం వేసింది నేను. అదే అన్నాను కూడా. దానికి సమాధానం ఇంకా రాలేదు.

దాళ్వా రైతు గారి మాట మాత్రం ఈరోజే పెట్టేశాను. మేత ఖాతా పుస్తకం నా దగ్గరికి తెచ్చుకున్నాను. కొట్టుకి నేనే వెళ్ళి మాట్లాడతానంటే “ఆడవాళ్ళు వెళ్తే ఏమనుకుంటారు” అన్నారు. ఏమనుకుంటారో సోమవారం చూసొచ్చి రాస్తాను.

దాళ్వా రైతు:
ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండమ్మా. ఇచ్చేదాకా లేవకండి.