ఇంట్లో బైపాప్: మాస్క్ రంధ్రాల్లోంచి గాలి పోతోంది, మూసేయాలా?

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్లు. జీవితమంతా కట్టెల పొయ్యి దగ్గరే గడిచింది, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. ఐసీయూలో ఉండి మొన్నే ఇంటికొచ్చింది. రాత్రిళ్లు బైపాప్ (మాస్క్‌లోంచి గాలి పంపి ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టమన్నారు. మాస్క్ ముందున్న చిన్న రంధ్రాల్లోంచి గాలి పోతూనే ఉంది. ప్లాస్టర్ వేసేయనా? వేలి మీటర్‌లో ఆక్సిజన్ 90 శాతం దాటడం లేదు, కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కొంచెం పెంచొచ్చా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ప్లాస్టర్ మాత్రం వేయకండి, దయచేసి. ఆ రంధ్రాలు కావాలని పెట్టినవే. మిషన్ నుంచి వచ్చేది ఒక్కటే గొట్టం కదా, అమ్మగారు వదిలిన గాలి బయటికి పోవడానికి దారి ఆ రంధ్రాలే. మూస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు.

మా నాన్నకి మేం చేసింది ఇదే. గాలి కళ్లలోకి కొడుతోందని టేపు వేశాం. పొద్దున లేపితే 'ఊఁ' అని మళ్లీ మగతలోకి జారిపోయారు. ఆక్సీమీటర్ చూస్తే 91. ఆస్పత్రిలో ఏబీజీ (రక్తంలో వాయువులు చూసే పరీక్ష) చేస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిపోయింది. వేలికి పెట్టే ఆ మీటర్‌లో అది కనబడదు.

బైపాప్ పని ఆక్సిజన్ ఇవ్వడం కాదు. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి పెట్టి, లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపుతుంది. అందుకే ఇలాంటి పేషెంట్లకి మామూలుగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. 90 చూసి భయపడకండి. డాక్టర్‌ని అడక్కుండా ఆక్సిజన్ పెంచితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత, పొంతన లేని మాటలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గాలి మాస్క్ అంచుల్లోంచి పోతుంటే అది వేరే సంగతి. అమ్మగారు పడుకున్నాక, మిషన్ నడుస్తుండగా పట్టీలు సర్దండి. పట్టీ కింద వేలు దూరాలి. లాగి కడితే ముక్కు దూలం మీద పుండు పడుతుంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ. మా ఊళ్లో కరెంటు పోతుంటుంది, అప్పుడెలా?

జవాబు: మిషన్ ఆగితే ముందు మాస్క్ తీసేయండి. వాంతి వచ్చేలా ఉన్నా అంతే. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు హ్యుమిడిఫయర్ (గాలికి తేమ ఇచ్చే భాగం) వేడి ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కాన్సంట్రేటర్‌కీ కరెంటే కావాలి కాబట్టి ఒక చిన్న సిలిండర్ నింపి ఇంట్లో ఉంచండి. ఈ రాత్రి పడుకునే ముందు ఆ రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గాలి తగులుతూ ఉండాలి.