కదిలే వెలుగుతో పోర్ట్రెయిట్: ఒకే ఎక్స్‌పోజర్ అయి తీరాలా?

నైట్‌షిఫ్ట్ లెన్స్:

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్ గ్రూపు ప్రింట్ల ప్రదర్శనలో ఈసారి కదిలే వెలుగులతో తీసిన పోర్ట్రెయిట్లకి (చీకట్లో షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి, ఆలోపు దీపం కదిపి తీసేవి) విడిగా ఒక విభాగం పెట్టారు. చాలా సంతోషం. కానీ ముసాయిదా నిబంధనల్లో ఈ వాక్యం ఉంది: "ఫోటో ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసినదై ఉండాలి. కెమెరాలో గానీ, సాఫ్ట్‌వేర్‌లో గానీ ఫ్రేములు కలపకూడదు." అంటే షట్టర్ ఒక్కసారి తెరిచి మూసేలోపే ఫోటో అంతా వచ్చేయాలి, విడివిడిగా తీసినవి (ఫ్రేములు) కలపకూడదు. ఆదివారం లోపు అభిప్రాయాలు చెప్పమన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ వాక్యం ఇలాగే ఉండటం నాకు ఇష్టం లేదు. అలాగని ఏం చేసినా చెల్లుతుందనే వాళ్లతోనూ నేను లేను. నేను చూసేది ఒక్కటే: ఆ వెలుగు నిజంగా ఆ మనిషి మీద పడిందా?

ఇంట్లో చేసి చూడండి. గది చీకటి చేసి, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 100, షట్టర్ పదిహేను సెకన్లు పెట్టండి. చిన్న టార్చికి ట్రేసింగ్ పేపర్ చుట్టి, కూర్చున్న మనిషి ముఖానికి రెండడుగుల దూరంలో ఒక చెవి వైపు నుంచి రెండో చెవి వైపుకి మెల్లగా తిప్పండి. టార్చి ఒకేచోట ఉంటే ముక్కు నీడ పెదవి మీద కత్తితో గీసినట్టు పడుతుంది. కదిపితే ఆ నీడ అంచు కరిగిపోతుంది. ఎందుకంటే టార్చి నడిచిన దారంతా కలిసి ఒక పెద్ద దీపంలా పనిచేస్తుంది. ఇప్పుడు ఫోటో పెద్దది చేసి కళ్లు చూడండి. నల్లగుడ్డు మీద మామూలుగా ఉండే మెరుపు చుక్క ఉండదు. దాని బదులు సన్నటి విల్లులాంటి గీత ఉంటుంది. టార్చి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ గీతే చెబుతుంది.

ముఖం ఒకరోజు ఫ్లాష్‌తో తీసి, వెలుగు సుడులు ఇంకోరోజు ఖాళీ గదిలో తీసి కలిపిన ఫోటోల్లో ఈ గీత రాదు. చుట్టూ ఎన్ని రంగులు తిరుగుతున్నా కంట్లో ఫ్లాష్ చుక్క ఒక్కటే. చెవి పక్కనే నీలం సుడి ఉంటుంది, చెంప మీద నీలం మాత్రం ఉండదు. అలాంటి ఫోటోలో వెలుగు పోర్ట్రెయిట్‌లో భాగం కాదు, వెనక వేసిన అలంకరణ. దాన్ని ఆపాలంటే "ఒకే ఎక్స్‌పోజర్" అన్న నిబంధన సరైన దారి కాదు. అది చాలా మంచి పనిని కూడా బయటికి నెట్టేస్తుంది.

పాత రీలు:

తమ్ముడూ, నిబంధన అలాగే ఉండాలి. కారణం చెబుతాను.

ఈ పద్ధతి పుట్టిందే కొలత కోసం. 1889లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త మరే, ఆయన సహాయకుడు డెమెనీ మనిషి కీళ్లకి చిన్న బల్బులు కట్టి నడిపించి, ఆ నడకని ఫోటో ప్లేటు మీద గీతలుగా పట్టారు. తర్వాత 1910ల్లో అమెరికాలో పని పద్ధతుల్ని పరిశీలించే గిల్‌బ్రెత్ దంపతులు పనివాళ్ల చేతులకి దీపాలు కట్టి, చెయ్యి ఎంత దూరం అనవసరంగా తిరుగుతోందో చూశారు. ఆ గీతలకి విలువ ఎందుకు వచ్చింది? ఆ చెయ్యి, ఆ సమయంలో, నిజంగా అలా కదిలింది కాబట్టి.

1949లో ఫోటోగ్రాఫర్ జాన్ మిలీ చిత్రకారుడు పికాసోని తీసినదీ అంతే. చీకటి గదిలో షట్టర్ తెరిచి ఉంచితే పికాసో చిన్న లైటుతో గాలిలో బొమ్మ గీశాడు, మనిషి కనపడేలా మిలీ ఫ్లాష్ వేశాడు. గీస్తున్నవాడికి తన గీత కనపడదు. ఎక్కడ మొదలుపెట్టాడో చెయ్యే గుర్తుపెట్టుకోవాలి. నాకు ఈ పనిలో గౌరవం ఉన్నది ఆ కష్టం మీదే. పది ఫ్రేములు తీసుకుని బాగా వచ్చిన గీతల్ని ఏరి కలిపితే చేతి పని పోయి ఏరివేత పని మిగులుతుంది. ఏరివేత కూడా కళే, కాదనను. దానికి వేరే విభాగం పెట్టుకోండి.

కోఠి సర్క్యూట్:

రీలు అన్నా, మీరంటే గౌరవమే, కానీ ఆ నిబంధన అమలు చేయడం ఎలాగో కూడా చెప్పండి. ఒలింపస్ కెమెరాల్లో 2014లోనే లైవ్ కాంపోజిట్ వచ్చింది. బటన్ నొక్కాక కెమెరా వరసగా ఫ్రేములు తీస్తూ, కొత్తగా వెలిగిన చోటు మాత్రమే పాత ఫ్రేము మీద చేరుస్తుంది. చివరికి బయటికొచ్చేది ఒక్క ఫైలే. అది ఒకే ఎక్స్‌పోజరా, కాదా? ఫోన్లలో లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే చాలావరకు లోపల చిన్న చిన్న ఫ్రేములు కలపడమే. మన గ్రూపులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువమంది ఫోన్‌తోనే మొదలుపెట్టారు. నిబంధన ఇలా ఉంటే వాళ్లందరూ మొదటి రోజే అవుట్.

ఇంకో సంగతి. మీరిద్దరూ చీకటి గది గురించి మాట్లాడుతున్నారు. మన ఊళ్లో బయట చీకటి ఎక్కడుంది? దుర్గం చెరువు దగ్గర కేబుల్ బ్రిడ్జి కనపడేలా ఒక మనిషిని నిలబెట్టి ముప్పై సెకన్లు తెరిచి చూడండి. బ్రిడ్జి లైట్లు రంగులు మారుతుంటాయి, ఆకాశం నారింజ రంగుకి వచ్చేస్తుంది, నీళ్లు తెల్లబడతాయి. ఇక్కడ లెక్క తెలిస్తే కలపడం ఎందుకో అర్థమవుతుంది. కదిలే దీపం గీత ఎంత ప్రకాశంగా వస్తుందన్నది అపర్చర్, ఐఎస్ఓ, దీపం ఎంత వేగంగా తిరిగింది అన్నదాని మీద ఉంటుంది. షట్టర్ ఇంకో ఇరవై సెకన్లు తెరిచి ఉంచినంత మాత్రాన ఆ గీత పెరగదు. కదలకుండా ఉన్న ఆకాశం వెలుగు మాత్రం ప్రతి సెకనూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే నాలుగు సెకన్ల ఫ్రేములు వరసగా తీసి, ఎక్కడ ఎక్కువ వెలుగుంటే అదే ఉండేలా కలుపుతాం. ఆకాశం నాలుగు సెకన్ల దగ్గరే ఆగుతుంది, గీతలన్నీ వస్తాయి. దీన్ని మోసం అనడం అన్యాయం.

(దీపాలు కొనేవాళ్లకి ఒక మాట. గుజరాతీ గల్లీలో దొరికే చవక ఎల్ఈడీ స్ట్రిప్‌లకి డిమ్మర్ తగిలించి వెలుగు తగ్గిస్తే అవి చాలాసార్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. కంటికి తెలియదు, కానీ గాలిలో తిప్పగానే గీత బదులు చుక్కల వరస వస్తుంది. కొనేముందు షాపులోనే ఫోన్ నైట్ మోడ్‌లో ఒకసారి ఊపి చూసుకోండి.)

స్కిన్‌టోన్:

నేను పోర్ట్రెయిట్ వైపు నుంచి మాట్లాడతాను. ఇంతవరకు అందరూ లైటు పట్టుకున్నవాళ్ల కష్టం గురించే మాట్లాడారు. ఎదురుగా కూర్చున్నవాళ్ల సంగతి ఏమిటి?

మా నానమ్మని ఇలా తీయాలని నాకు చాలా ఇష్టం. ఆవిడ ముఖంలో ముడతల మీద పక్కనుంచి నడిచే వెలుగు ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ ఆవిడ తల కొద్దిగా వణుకుతుంది. పదిహేను సెకన్లలో రెండు ముక్కులు వస్తాయి. రెండు సెకన్ల ఫ్రేముల్లో మాత్రం నుదురు ఒకదాంట్లో, చెంప ఒకదాంట్లో చక్కగా వస్తుంది. ఒకే ఎక్స్‌పోజర్ అంటే ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఈ విభాగంలో ఉండకూడదని చెప్పినట్టే. కదలకుండా కూర్చోగలిగిన యువకులవే పోర్ట్రెయిట్లు కావాలా మనకి?

పాత రీలు:

అమ్మా, దానికి ఫ్లాష్ ఉంది కదా. షట్టర్ తెరవగానే ముఖం మీద ఫ్లాష్ వేస్తే సెకనులో వెయ్యో వంతులో ముఖం ఫోటోలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ముఖం మీద వెలుగు పడనంత వరకు నానమ్మగారు తల తిప్పినా నష్టం లేదు. మిలీ చేసింది కూడా దాదాపు అదే.

స్కిన్‌టోన్:

చేసి చూశానండీ. వెలుగు ముందు వైపే ఉంటే మీరు చెప్పింది సరిపోతుంది. వెనక నుంచి సుడి తిప్పితే ఆ గీతని మనిషి శరీరం అడ్డుకోవాలి. ఫ్లాష్ అయ్యాక ఆవిడ ఒక అంగుళం పక్కకి జరిగితే, ఖాళీ అయిన అంగుళంలోంచి గీత చెంప మీదకి దూసుకొస్తుంది. నల్ల చీర, నల్ల జుట్టు ఉన్నచోట ఇంకా స్పష్టంగా కనపడుతుంది. పైగా నాకు కావాల్సింది నడిచే వెలుగు ఆ ముడతల మీద పడటం. ముందు నుంచి ఫ్లాష్ వేస్తే ముడతలు చదునైపోతాయి.

రంగు సంగతి కూడా. తెల్లటి ఎల్ఈడీ చాలాసార్లు మన చామనఛాయ ముఖాల మీద బూడిద రంగులా పడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ని (కెమెరా దేన్ని తెలుపుగా లెక్కించాలో చెప్పే అమరికని) ముఖం మీద పడే దీపానికి సరిచేసి, వెనక గీతల రంగు ఎలా వస్తే అలా వదిలేస్తే బాగుంటుంది.

కొత్త ట్రైపాడ్:

అన్నలూ, అక్కా, నేను కొత్తవాడిని. నాకైతే ఇన్ని హద్దులు ఎందుకో అర్థం కావడం లేదు. 1858లో ఇంగ్లండ్‌లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లు కలిపి ఒక ప్రింటు చేశాడు. అప్పుడు తిట్టినవాళ్లు ఉన్నారు, ఇప్పుడది ఫోటోగ్రఫీ చరిత్రలో ఉంది. అంతర్జాతీయ సలోన్లలో (ఫోటో పోటీల్లో) కూడా నేచర్ విభాగంలో కలపడం నిషేధం గానీ ఓపెన్ విభాగంలో కలపొచ్చు, అన్ని ముక్కలూ తీసినవాళ్లవే అయితే చాలు. మనం కూడా అలా పెట్టుకుని, ఎలా చేశారో ప్రింటు కింద రాయమంటే సరిపోదా?

నైట్‌షిఫ్ట్ లెన్స్:

తమ్ముడూ, ఓపెన్ విభాగం మన ప్రదర్శనలోనూ ఉంది. రాబిన్సన్ దారిలో వెళ్లేవాళ్లకి అక్కడ చోటుంది. ఇది కదిలే వెలుగు పోర్ట్రెయిట్ అని పేరు పెట్టుకున్న విభాగం. ఇందులో వెలుగుకీ మనిషికీ సంబంధం ఉండాలని అడగడం ఎక్కువ కాదు.

సర్క్యూట్ అన్న చెప్పిన ఆకాశం లెక్క, అక్క చెప్పిన నానమ్మగారి సంగతి రెండూ నా మాటకి బలమే. ఆ రెండింటిలోనూ మనిషి అక్కడే కూర్చున్నారు, దీపం వాళ్ల చుట్టూనే తిరిగింది. ఫ్రేములు ఎన్నైనా సిట్టింగ్ ఒక్కటే. కాబట్టి నేను పంపబోయే వాక్యం ఇది:

"ఫోటో ఒకే సిట్టింగ్‌లో తీసినదై ఉండాలి. ట్రైపాడ్ కదపకుండా, అదే మనిషి, అదే చోట, వరసగా తీసిన ఫ్రేములు ఎన్నైనా కలపవచ్చు. మనిషి లేనప్పుడు తీసిన వెలుగు, వేరే చోటి నుంచి తెచ్చిన వెలుగు, సాఫ్ట్‌వేర్‌లో గీసిన వెలుగు చేర్చకూడదు. అడిగితే ఒరిజినల్ ఫైళ్లు చూపాలి."

ఫైళ్లలో తీసిన సమయం ఉంటుంది, వరస తెలుస్తుంది. ఫోన్ అయితే ఒక్క ఫైలే, అదే చూపించవచ్చు. అనుమానం వస్తే కళ్లు, కళ్లజోడు అద్దాలు, చెంప అంచు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

కోఠి సర్క్యూట్:

సిల్హౌట్ అయితే? వెనక మాత్రమే లైటు తిప్పితే ముఖం నల్లగానే ఉంటుంది. కళ్లు ఎక్కడ చూస్తారు?

నైట్‌షిఫ్ట్ లెన్స్:

జుట్టు అంచు, చెవి తమ్మె చూడండి. వెనక దీపం ఉంటే చెవి తమ్మె కొద్దిగా ఎర్రగా వెలుగుతుంది, విడి వెంట్రుకలు ఒక్కొక్కటీ మెరుస్తాయి. కత్తిరించి అతికించిన బొమ్మలో ఆ వెంట్రుకలు దాదాపు ఎప్పుడూ పోతాయి. అయినా నిర్ణయానికి వాటి మీదే ఆధారపడమని నేను అనడం లేదు, ఒరిజినల్ ఫైళ్లు అందుకే.

ఇంకొకటి చేర్చమని కూడా రాస్తున్నాను: స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) కాల్చి తిప్పిన ఫోటోలు ఈ విభాగంలో వద్దు. ఖాజాగూడ రాళ్ల మధ్య ఎండాకాలంలో ఎండుగడ్డి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి నిప్పురవ్వలు చల్లడం ఏ ఫోటో కోసమైనా తప్పే.

స్కిన్‌టోన్:

ఈ వాక్యానికి నా మద్దతు. "అదే మనిషి" పక్కన "వారి అనుమతితో" కూడా చేర్చండి. చీకట్లో కూర్చోబెట్టేటప్పుడు ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి, ముఖ్యంగా పెద్దవాళ్లకి.

పాత రీలు:

స్టీల్ ఊల్ సంగతికీ, అనుమతికీ ఒప్పుకుంటున్నాను. సిట్టింగ్ వాక్యానికి మాత్రం నా ఓటు వ్యతిరేకంగానే ఉంటుంది. రెండు సెకన్ల చొప్పున నుదురు వేరే, చెంప వేరే తీసి కలిపితే ఆ ముఖం మీద ఆ వెలుగు ఎప్పుడూ ఒక్కసారిగా నడవలేదు. నాకు అది పెద్ద తేడా, మీకు చిన్నది కావచ్చు. మీ వాక్యమే నెగ్గితే ఒక్కటి అడుగుతున్నాను: ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసిన ప్రింటు కింద ఆ మాట రాసుకునే వీలు ఇవ్వండి, కలిపినవాళ్లు ఎన్ని ఫ్రేములో రాయాలి. అలాగే ఒరిజినల్ ఫైళ్లు ఎవరికి, ఎప్పటిలోగా చూపాలో మీ వాక్యంలో లేదు. ఆదివారం పంపేముందు అది కూడా చేర్చండి.