తమ్ముడు నిద్రమాత్రలు ఒక్కసారిగా మానేస్తానంటున్నాడు, ఇంట్లోనే మాన్పించవచ్చా?

మా తమ్ముడికి 26 ఏళ్లు. రెండేళ్ల కిందట నిద్ర పట్టడం లేదంటే డాక్టరు ఆల్ప్రాజోలం రాశారు, అదీ కొన్నాళ్లకే. ఆ చీటీ గడువు ఎప్పుడో అయిపోయింది, మాత్రలు మాత్రం ఆగలేదు. ఒకటితో మొదలై ఇప్పుడు రోజుకు ఆరేడు. మొన్న బట్టలు ఉతకబోతే ప్యాంటు జేబులో ఖాళీ స్ట్రిప్పులు, మడిచి మడిచి అగ్గిపెట్టెంత చేసి దాచినవి. అడిగితే ముందు అరిచాడు, తర్వాత ఏడ్చాడు.

ఇప్పుడు తనే "రేపట్నుంచి ముట్టను, గదిలో పెట్టి గడియ వేసెయ్యండి" అంటున్నాడు. నాన్న కూడా సరే అంటున్నారు. నాకే భయం. పోయిన నెల ఒక్కరోజు వేసుకోకపోతే చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికీ రావచ్చని, డాక్టరు చెప్పినట్టు డోసు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలని చదివాను. పైగా ఈమధ్య వాడి దగ్గర మద్యం వాసన కూడా వస్తోంది. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుందట. రాత్రిళ్లు లేచి గుండెల మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను.

ఇది దాటొచ్చినవాళ్లుంటే చెప్పండి. మీ ఇంట్లోవాళ్లను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందా, ఇంటి దగ్గరే తగ్గించారా? సైకియాట్రిస్టు అనగానే "నేనేం పిచ్చోణ్నా" అంటున్నాడు, ఎలా తీసుకెళ్లారు? నాన్నకు ఏం చెప్పి ఆపమంటారు?